బురుల్ దీవెన

కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో బురుల్ ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నది. చదువు ముగించి వచ్చిన ఎందరికో పని నేర్పింది. ఇప్పుడు ఆమె ఆఫీసు కొత్తవారిని తీసుకోవడం మానేసింది. వారు చేసే చిన్న పనులను ఏఐ యంత్రం చేస్తున్నది. దాని తప్పులు దిద్దుతూ బురుల్ అలసిపోతున్నది.

బురుల్ అన్న జుమాబెక్, తన కూతురు బెగాయిమ్ కంప్యూటర్ పట్టా పుచ్చుకున్నదని గొర్రెను కోసి బంధువులను పిలిచాడు. భోజనమయ్యాక అందరూ అరచేతులు చాచారు. దీవెన ముగిసేదాకా వాటిని దించరు. ఈసారి దీవించవలసినది బురుల్.

"నీలాగే పెద్ద ఆఫీసులో కూర్చోవాలని గట్టిగా దీవించు చెల్లీ!" అన్నాడు జుమాబెక్.

చాచిన చేతుల ముందు అబద్ధమాడడం ఆమెకు చేతకాలేదు.

"మా ఆఫీసులో కొత్తవాళ్లకి తలుపులు మూసేశారన్నయ్యా. నేను దీవిస్తే తెరుచుకుంటాయా?"

"అంత మాంసం తిని చెప్పేది ఇదా తల్లీ? త్వరగా కానియ్, చేతులు లాగేస్తున్నాయి," అని వదిన విసుక్కుంది.

అందరూ నవ్వారు, బెగాయిమ్ తప్ప. "నాకూ తెలుసత్తా. ఉద్యోగం కోసం ఎన్నిచోట్లకి రాసినా ఎవరూ పలకలేదు. అయినా నాకీ పనే ఇష్టం."

ఇష్టం! బురుల్‌కు ఉద్యోగం సులువుగానే దొరికింది. ఇష్టం ఎప్పుడు జారిపోయిందో ఆమెకు గుర్తులేదు.

"దారి దొరకడం ఆలస్యమైనా, దొరికేనాటికి నీ ఇష్టం నీలో మిగిలి ఉండాలి," అని దీవించింది.

దీవెన ముగిసిందని అందరూ ఆచారం ప్రకారం అరచేతులతో ముఖాలు తడుముకున్నారు. జుమాబెక్ చేతులు మాత్రం, ఇంకేదో మాట రావలసి ఉన్నట్టు, కాసేపు చాచే ఉన్నాయి.