లోకనాథం కాలు మీద కాలు

ఉద్దానంలో మా ఊరి జీడి బట్టీ యజమాని లోకనాథం 2001లో సర్పంచి ఎన్నికల్లో సొంత బావ కృష్ణారావు చేతిలో ఓడిపోయాడు. పదవి రాకపోయినా పెద్దరికం పోలేదని చాటడానికి, పొద్దున్నుంచి చీకటిపడేదాకా వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని, ఎడమ మోకాలి మీద కుడికాలు ఎక్కించి కూర్చునేవాడు. బావ అటుగా వెళ్తే పాదం కూడా ఆడించేవాడు.

ఒక ఉదయం ఆ పాదం పైకి లేవలేదు. అడుగు వేస్తే వేళ్లు నేలను ఈడుస్తున్నాయి. కొంగలా మోకాలెత్తి నడవాల్సి వచ్చింది. బావే చేతబడి చేయించాడని లోకనాథం తేల్చేశాడు.

టెక్కలి డాక్టరు అతను కూర్చునే తీరు అడిగి, మోకాలి కింద, బయటి వైపు ఎముక మీద వేలు పెట్టాడు. "పాదాన్ని ఎత్తే కండరాలను ఆడించే నరం ఈ ఎముకను చుట్టుకుని పోతుంది. దానిమీద చర్మం తప్ప పెద్ద అడ్డమేమీ లేదు. రెండో మోకాలికి ఆనించి రోజంతా నొక్కితే చచ్చుబడదా? ఈ కాలు ఎక్కించడం మానండి, మెల్లగా తిరిగొస్తుంది."

లోకనాథం బుద్ధిగా విన్నాడు. కుడికాలు దించాడు. ఎడమకాలు ఎక్కించాడు.

"రెండూ దించీసి కూకోయయ్యా!" అని భార్య జానకమ్మ మొత్తుకుంది.

"మీ అన్న ముందర సేతులు కట్టుకుని కూకోమంతావేటి? డాకటేరు సెప్పింది కుడికాలికేనే!"

కుడి పాదం సగం కోలుకోకముందే ఎడమది వాలిపోయింది. ఇప్పుడు అరుగు దిగాలంటే మనిషి సాయం కావాలి. చెల్లెలి మొహం చూసి కృష్ణారావే రోజూ వచ్చి భుజం ఇస్తున్నాడు.

"బరువంతా నా మీదెయ్యి బావా, మొగమాటమేటి? సర్పంచినన్నాక ఊరిని మొయ్యాల కదా!"