వెలిసిన బంపర్లకు నల్లమందు

మొన్న తెనాలిలో మా కారు కడగడానికిచ్చి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కడిగే మనిషి నురుగంతా తుడిచేసి, ఒక సీసా తెచ్చి నల్ల బంపరు మీద పిచికారీ కొట్టాడు. మగ్గిపోయిన అరటిపండు వాసన గుప్పుమంది. రెండు నిమిషాల్లో ఆ గరుకు బంపరు కాస్తా చెరువులోంచి లేచొచ్చిన గేదెలా నిగనిగలాడింది. "షైనింగ్ చూడండి మేడమ్!" అన్నాడు మురిసిపోతూ. నాకు ఒళ్ళు మండిపోయింది. గరుకు నలుపుకి షైనింగ్ ఏంటయ్యా? వేలు పెట్టి చూస్తే జిడ్డు. సాయంత్రం రేపల్లె దాకా వెళ్ళొస్తే దారిలో ఉన్న దుమ్మంతా దీనికే అంటుకుంటుంది. "తుడిచెయ్యి బాబూ, ఉత్త నీళ్ళతో వదిలెయ్యి" అన్నాను. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూడనీ. నేను దేవసహాయం కూతుర్ని, బంపరు నలుపు గురించి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు.

మా నాన్న దేవసహాయానికి బాపట్లలో, సూర్యలంక వెళ్ళే రోడ్డు పక్కన, సీటు కవర్ల షాపు ఉండేది. షాపంటే నాలుగు గుంజల మీద రేకులు, ఒక కుట్టుమిషను, గోడకి ఆనించిన రెక్సిన్ చుట్టలు, మూల పడేసిన కొబ్బరిపీచు, వాటి మధ్యన ఎప్పుడూ దారం కొసని పళ్ళతో తుంపుతూ మా నాన్న. నేను ఐదు, ఆరు తరగతులు చదివే రోజులవి, ఎనభైల చివర. వేసవి మధ్యాహ్నాలు మూడు దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరిగేది. ఎంత హాయిగా ఉండేదో అంత పాపిష్టిది ఆ గాలి. పెదాలు నాలుకతో తడుపుకుంటే ఉప్పగా తగిలేది, వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లేది, కిటికీ ఊచలు పొరలు పొరలుగా తుప్పు రాలేవి, తొక్కుడుబిళ్ళ ఆడుకునే మా పావడాలు సాయంత్రానికి జిగటగా కాళ్ళకి చుట్టుకునేవి. అన్నిటికన్నా ఎక్కువ పగ ఆ గాలికి నలుపు మీద. నిజాంపట్నం చేపల వ్యాపారుల జీపులకి కప్పిన నల్ల టాపులు ఏడాది తిరక్కుండా పాత గొడుగు గుడ్డలా పాలిపోయేవి. అప్పుడప్పుడే వస్తున్న చిన్న కార్లకి ప్లాస్టిక్ బంపర్లుండేవి, మేకతోలులా సన్న గరుకుతో, మెరుపు లేని నలుపుతో. రెండు ఎండాకాలాలు చూశాయంటే అవి బూడిద గుమ్మడికాయలే.

ఇక చూడండి జనం తెలివి! ఒకాయన కొబ్బరినూనె పట్టించేవాడు. మర్నాటికి దుమ్ము, ఎల్లుండికి ఈగలు. ఇంకొకాయన ఇంజన్లోంచి తీసిన మాడు ఆయిలు పులిమి, పెళ్ళికి వెళ్తూ వాళ్ళావిడ పట్టుచీర అంచుకి అంటించి, దారి పొడుగునా తిట్లు తిన్నాడు. బూటు పాలిష్ రాసినవాళ్ళది మొదటి వానకే కారి రోడ్డున పడేది. అందరికన్నా ఘనులు ఎనామిల్ రంగు వేయించేవాళ్ళు. ఆ గరుకంతా పూడిపోయి, ఆర్నెల్లకి ఎండకి కాలిన వీపులా పొట్టు లేచేది. అలాంటి బండి షాపు ముందు ఆగితే మా నాన్నకి నిజంగా కోపం వచ్చేది. "నూనె పూస్తే బజ్జీ అయిద్ది గానీ బంపరు అవుద్దా అండీ?" అనేవాడు. అండీ మాత్రం మర్చిపోయేవాడు కాదు.

ఆయన చేసే పద్ధతి వేరు. రేపల్లెలో ఉండే మా నాయనమ్మ చిన్నపిల్లలకి కాటుక పట్టేది. ఆముదం దీపం మీద కంచుపళ్ళెం బోర్లించి, చేరిన మసిని నెమలీకతో గీకి తీసేది. అంత మెత్తటి నలుపు డబ్బా రంగులో ఎక్కడుంది? మా నాన్న ఆ నలుపే పట్టుకున్నాడు. వేడినీళ్ళ గిన్నెలో తేనెమైనం కరిగించి, పొయ్యి మీంచి దించి దూరంగా తెచ్చుకుని, అవిసె నూనె, కాస్త టర్పెంటైను, ఆ మసి కలిపి, చల్లారేదాకా పుల్లతో తిప్పుతూనే ఉండేవాడు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది, తేనెపట్టు వాసనా ఘాటూ కలిసి. ముందు బంపరుని కుంకుడు రసంతో, పాత పళ్ళ బ్రష్షుతో గరుకు లోపలి ఉప్పంతా పోయేదాకా తోమేవాడు. నీడన ఆరబెట్టేవాడు. అప్పుడు పాత నూలుగుడ్డతో పట్టించి, ఒక పూట వదిలేసి, పెట్టిందంతా మళ్ళీ తీసేస్తున్నాడా అన్నంతగా తుడిచేవాడు. "మందు కనపడగూడదు అమ్మాయ్, నలుపు కనపడాలి" అనేవాడు నాతో. ఆఖర్న తన తెల్ల రుమాలు తీసి బంపరు మీద గట్టిగా రుద్దేవాడు. రుమాలుకి మరక పడిందా, పని అవలేదన్నమాట. వానలకి ముందొకసారి, వానలు పోయాక ఒకసారి పట్టిస్తే ఉప్పుగాలి దాన్నేమీ చెయ్యలేకపోయేది.

మందు అన్నాడు కదా, అక్కడే వచ్చింది తంటా. మా వైపు పనివాళ్ళు దేన్ని కలిపినా మందే అంటారు. పురుగులకి కొట్టేదీ మందే, టపాకాయల్లో కూరేదీ మందే. మా ఇంట్లో పొద్దున లేస్తే "నల్ల మందు డబ్బా ఎక్కడ పెట్టావే?" అని అమ్మని అడగడం, "మిషను కింద చూడండి" అని అమ్మ అనడం, అది మాకు ఉప్పూ పప్పూ లాంటి మాట. నల్లమందంటే ఈ దేశంలో జనం మత్తుకి మింగే సరుకని, దానికి జైలని, పదకొండేళ్ళ నాకేం తెలుసు? ఐదో తరగతితో బడి మానేసిన ఆయనకి తెలిసినా తట్టలేదు. షాపుకి బోర్డు రాయించాలనుకున్నప్పుడు నా చేతిరాత బాగుంటుందని నాతోనే కాగితం మీద రాయించాడు: "వెలిసిన బంపర్లకు, జీపు టాపులకు ఇచ్చట నల్ల మందు వేయబడును." నల్లకీ మందుకీ మధ్య ఖాళీ వదిలాను, నాకు బాగా గుర్తు. బోర్డు రాసే మహానుభావుడు ముఖ్యమైన ముక్కేదో తనే తేల్చుకుని, "ఇచ్చట నల్లమందు" అని ఒక్క మాటగా అతికించి, బస్సులోంచి కూడా కనపడేంత ఎర్ర అక్షరాలతో దంచి, మిగతాదంతా కింద చీమల బారులా రాసిపెట్టాడు. మా నాన్న దాన్ని చూసి ఎంత సంతోషించాడో! ఇంటిల్లిపాదీ రోడ్డుకి అవతల నిలబడి చూశాం.

ఊరు నవ్వింది. నవ్వితే నవ్వింది, నాలుగు రోజులు నవ్వి ఊరుకోవాలి కదా? ఎవడో పుణ్యాత్ముడు కబురు పెట్టాడు, స్టేషన్ నుంచి ఇద్దరొచ్చారు. "నల్లమందు ఎక్కడయ్యా?" అంటే మా నాన్న బేరం వచ్చిందనుకుని డబ్బా మూత తీసి మరీ ముందు పెట్టాడు. డబ్బాతో సహా తీసుకెళ్ళారు. అక్కడి పెద్దాయన వాసన చూసి, విషయం విని, కడుపు పట్టుకుని నవ్వి, తన మోటారు సైకిలు సీటుకి పట్టించుకుని, టీ ఇప్పించి పంపేశాడు. బోర్డు మాత్రం దింపెయ్యమన్నాడు. పోలీసులు గంటలో నమ్మారండీ. నమ్మనిది మా గుడి.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మా లూథరన్ గుడిలో ప్రతి ఆదివారం వేదపాఠం, అంటే ఆ వారానికి బైబిల్లో చదవాల్సిన భాగం, చదివేది మా నాన్నే. గుడి నిండా టీచర్లు, గుమాస్తాలు, కాలేజీలో పనిచేసేవాళ్ళు. వాళ్ళందరి ముందూ, పరాయి పొలాల్లో కూలికి నాట్లు వేసిన తల్లికి పుట్టి, ఐదు చదివిన మనిషి నిలబడి చదివేవాడు. శనివారం సాయంత్రం మిరియాలూ బెల్లం నమిలి గొంతు సవరించుకునేవాడు, కష్టమైన పేర్లు నా చేత పలికించుకునేవాడు, ఇస్త్రీ చొక్కా చిలక్కొయ్యకి తగిలించి దాని వైపు ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. కోత పండగనాడు గుమ్మడికాయలూ అరటిగెలలూ బలిపీఠం ముందు పేర్చాక, కొత్తబియ్యం వాసనలో ఆయన గొంతు ఖంగున మోగేది. అమ్మ తలెత్తి చూసేది కాదు, దిష్టి తగులుతుందని భయం. ఆయనకి లోకంలో ఇంకే గొప్పా లేదు, ఆ ఒక్కటే.

పోలీసులొచ్చిన కబురు గుడిదాకా వచ్చేసరికి గోరంత కొండంతైంది. సంకెళ్ళు వేశారన్నారు, మూటలు దొరికాయన్నారు. నిప్పు లేందే పొగ రాదన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుని నాన్నని లోపలికి పిలిచింది. నేను కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడ్డాను. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, మంచాయనే పాపం, "దేవసహాయం బంపర్లకి వేసేదే అంటున్నాడు. మీలో ఎవరన్నా చూశారా?" అని అడిగారు. ఆ గదిలో సంఘ పెద్ద విజయరత్నం గారున్నారు. ఆయన కారు ఆ నిమిషాన గుడి వాకిట్లోనే ఉంది. దాని రెండు బంపర్లూ మా నాన్న చేత్తో మూడుసార్లు నలుపెక్కినవి. ఎక్కిస్తున్నంతసేపూ ఆయన మా షాపు బల్ల మీదే కూర్చుని, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "నీ మందుకి తిరుగులేదోయ్" అన్నవాడే. ఇప్పుడు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. అలా తుడుస్తూనే ఉన్నారు. నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క ముక్క, "నా కారుకి వేశాడండీ" అన్న ఒక్క ముక్క చాలు కదా! పోలీసుల పేరు వినపడిన మనిషి పక్కన తన కారు పేరు వినపడితే నామోషీ. అంతే, దానికి ఇంకో కారణం లేదు. మా నాన్న ఆయన వైపు చూశాడు. అడగలేదు. "ఊరు చల్లబడేదాకా కొన్నాళ్ళు పాఠం చదవడం ఆపు, దేవసహాయం" అన్నారు అయ్యగారు. "అట్టాగేనండి" అన్నాడు నాన్న.

నేను కిటికీ వదిలి పరుగెత్తాను. గుడి వెనక కాఫీ కాచే కిరసనాయిలు స్టవ్వు ఉండేది, పక్కనే సీసా. అది తెచ్చి, పావడా అంచు తడిపి, విజయరత్నం గారి కారు ముందు బంపరు రుద్దడం మొదలుపెట్టాను. రుమాలుకంటని నలుపు కిరసనాయిలుకి ఊడొచ్చింది. మోచేతులదాకా నల్లబడ్డాను, ఏడుస్తూనే రుద్దాను. అందరూ బయటికి వచ్చేసరికి సగం బంపరు నల్లగా, సగం పాలిపోయి బూడిదరంగులో ఉంది. "ఏంటిది?" అన్నారాయన. "నేనే తుడిచా. మా నాన్న వేసిందేగా!" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. "పిల్లని అదుపులో పెట్టుకో దేవసహాయం" అని కారెక్కారు. అక్కడున్న పదిమందీ ఆ బంపరు చూశారు. చూసి కూడా ఎవరూ నోరు మెదపలేదు.

నాన్న నా చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే డబ్బా, గుడ్డలు సంచిలో వేసుకుని ఎక్కడికో బయల్దేరుతుంటే వెంటపడ్డాను. ఎక్కడికనుకున్నారు? విజయరత్నం గారింటికే. వాళ్ళ గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, నేను తుడిచిన సగం మళ్ళీ తోమి, ఆరబెట్టి, పట్టించి, రుమాలుతో రుద్ది చూసి మరీ లేచాడు. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటూ పలకరించను కూడా లేదు. దారిలో నేను అరిచాను, ఎందుకు చేశావు, ఆయనకి ఎందుకు చేశావు అని. నాన్న సంచి భుజం మార్చుకుని, "బండేం చేసింది అమ్మాయ్?" అన్నాడు. ఆ మాటకి నాకు ఆవేళ కోపమే వచ్చింది. అబద్ధమెందుకు, ఇప్పటికీ కోపమే.

కొన్నాళ్ళన్నారు కదా, ఊరు చల్లబడటానికి పద్నాలుగేళ్ళు పట్టింది. అంటే మా నాన్న పోయేదాకా. ఈలోగా పాస్టర్లు మారారు, కమిటీలు మారాయి, మళ్ళీ చదవమని ఒక్కరూ అనలేదు, ఈయన అడగలేదు. వెనక బెంచీలో కూర్చుని, ఎవరో కుర్రటీచరు పాఠం గబగబా చదివేస్తుంటే, ఈయన పెదాలు మాత్రం కదిలేవి. శనివారాలు మిరియాలు నమలడం మానేశాడు.

ఇప్పుడక్కడ మా షాపు లేదు, ఫోన్ల కొట్టుంది. జీపులు పోయాయి, ఆముదం దీపానికి పళ్ళెం బోర్లించేవాళ్ళు పోయారు, మసి ఎంత, మైనం ఎంత అన్న లెక్క మా నాన్నతోనే పోయింది. నేను రెండుసార్లు కలిపి చూశాను, రెండుసార్లూ రుమాలు నల్లబడింది. ఆవేళ కమిటీ గదిలో ఉన్నవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు.

పోయిన కోత పండగకి బాపట్ల వెళ్ళాను. ఆరాధన అయ్యాక కాఫీ అందిస్తున్న ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయి, నవ్వుమొహం, "మీరెవరి తాలూకా అండి?" అంది. దేవసహాయం గారమ్మాయినన్నాను. ఆవిడకి అందలేదు. పక్కనున్న ముసలావిడ అందించింది: "అదేనే, నల్లమందాయన!" "ఓహో, ఆయనా అండీ!" అని ఈవిడ హాయిగా నవ్వి, తను విజయరత్నం గారి చిన్నకోడల్నని చెప్పింది. ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని పేరంటాల్లో ఆ మాట విని నవ్వి ఊరుకున్నానో నాకే తెలీదు. ఈసారి కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"మా నాన్న నల్లమందు అమ్మలేదమ్మా. బంపర్లకి నలుపు వేసేవాడు" అన్నాను. "ఆ సంగతి మీ మామగారికి తెలుసు."