ఎర్ర పీపా దాకా

అద్దెకి జనాన్ని తిప్పే ఆ తెరచాప పడవలో ఆరుగురు ఎక్కితే మోకాళ్ళు మోకాళ్ళకి తగులుతాయి. ఎవరి మాటా వినకుండా తప్పుకునే చోటుండదు. "మీ పనే పని. నెత్తిన ఆఫీసరు లేడు, చుట్టూ గోడల్లేవు" అంటారు ఎక్కినవాళ్ళు. పడవతను తెరచాప వైపే చూస్తూ "అంతా మీ దయండి" అంటాడు. తుఫాను చూశారా, ఈతొచ్చా, పిల్లలెందరు, ఏదడిగినా ప్రశ్న సగంలో ఉండగానే జవాబిచ్చేస్తాడు. బయల్దేరిన గంటకి నీటిమీద తేలే ఎర్ర పీపా వస్తుంది. చాప కింది వాసం తగలకుండా "తలలు వంచండి" అని, చాప తిప్పి పడవని వెనక్కి మళ్ళిస్తాడు. దాని అవతలికి వెళ్ళడానికి అనుమతి లేదు. అతను ఈ పడవ నడుపుతున్న పంతొమ్మిదేళ్ళుగా లేదు.

నిన్న ఒక పెద్దావిడ ఏమీ అడగకుండా కూర్చుంది. పడవ తిరిగాక మాత్రం "రోజుకెన్నిసార్లు నాయనా?" అంది.

"మూడండి."

"నేను ముప్పై ఏళ్ళు లిఫ్టు నడిపాను. కూర్చుని చేసే ఉద్యోగం, హాయి అనేవాళ్ళు అందరూ. ఈ పీపా నీకు ఆఖరి అంతస్తన్నమాట."

అతను చాప మీంచి చూపు తిప్పి ఆవిడని చూశాడు. ఒడ్డున చెయ్యందించి దింపుతుంటే, ఆవిడ ఆ చెయ్యి వదలకుండానే అడిగింది.

"నువ్వు దిగవూ?"

"నాలుగింటికి ఇంకో ట్రిప్పుందండి."

నాలుగింటికి ఎక్కినవాళ్ళలో ఒకాయన సర్దుకుని కూర్చుంటూ, ఎంతదూరం తీసుకెళ్తారని అడిగాడు.

"ఆఖరి అంతస్తు దాకానండి" అన్నాడు పడవతను.

అర్థం కాకపోయినా ఆరుగురూ నవ్వారు. అతను తాడు విప్పి, తలలు ఎప్పుడు వంచాలో వాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు.