బోర్డు మీదుగా చాచిన చెయ్యి

నస్యం వాసన తగిలితే ఇప్పటికీ నేను అక్కణ్ణుంచి లేచి పోతాను.

నాలుగో క్లాసులో ఉండగా దెందులూరు నుంచి ఏలూరు వెళ్ళి చెస్ టోర్నమెంటు ఆడాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నస్యం పీల్చి, ముక్కు తుడుచుకున్న చేత్తోనే పావులు జరిపేవారు. ఇంకో రెండు ఎత్తుల్లో ఆయనకు చెక్‌మేట్ అనగా, "భలే ఆడావమ్మా!" అంటూ ఆ చెయ్యే చాచారు. మెచ్చుకుంటున్నారనుకుని, అసహ్యం దిగమింగి, మర్యాదగా కలిపాను.

వెంటనే ఆయన, ఫలితాలు రాసుకునే ఆర్బిటర్‌ని పిలిచారు. "డ్రా అండీ. పాప ఒప్పుకుని చెయ్యి కలిపింది." ఆర్బిటర్ అలాగే రాసేసుకున్నారు.

ఇల్లు చేరేదాకా అరచేతిని గౌనుకేసి రుద్దుతూనే ఉన్నాను.

మొన్న తాడేపల్లిగూడెం పోటీలో ఒక చిన్నపిల్ల చేతిలో ఓడిపోబోతూ, "భలే ఆడావమ్మా!" అన్నాను. నాకు నస్యం అలవాటు లేదు. అయినా, అప్పటికే బోర్డు సగం దాటిన నా చెయ్యి అదే కంపు కొట్టింది.