మొద్దుకు చెవి ఆనించే మనిషి

డెబ్బైలలో నేను కొత్తగూడ కలప డిపోలో గుమస్తాని. అక్కడ టేకు మొద్దుల మంచిచెడ్డలు తేల్చే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. వేలి కణుపులతో మొద్దును కొట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. "ఇది లోపల పుచ్చింది సారూ" అనేవాడు. కోయిస్తే నిజంగానే పుచ్చి ఉండేది.

ఆయన భార్య చనిపోయిన ఏడాది, ఒక సాయంత్రం ఆయన వెంట ఇంటిదాకా నడిచాను. తాళం వేసిన తలుపును కూడా అలాగే కొట్టి, చెవి ఆనించాడు.

"లోపల ఎవరున్నరు పెద్దన్నా?" అన్నాను.

"ఎవ్వరు లేరు సారూ," అన్నాడు తాళం తీస్తూ. "ఇన్నేండ్లు మొద్దుల లోపలి సంగతి చెప్పిన. పక్కల పండుకున్న మనిషి కడుపుల గడ్డ మాత్రం ఎరుక కాలే. గందుకే ఇప్పుడు రోజూ చెవి పెట్టి ఇంటున్న."