నాలుగు చోకులు, నాలుగు దుప్పట్లు

మా ఆయన తుపాకి మూతికి ఒక చిన్న గొట్టాన్ని మర తిప్పి బిగిస్తారు. దాన్ని చోక్ అంటారు. అది ఎంత బిగువుగా ఉంటే తూటాలోని గుండ్లు అంత దగ్గరదగ్గరగా పోతాయి, వదులైతే చెదిరిపోతాయి. ఈ నాలుగు ముక్కలు నాకు ఊరికే రాలేదు. ఆ వానాకాలమంతా మా ఇంట్లో పొద్దున చాయ్ దగ్గర, రాత్రి అన్నం దగ్గర ఇదే పురాణం.

సుల్తానాబాద్ పక్కన మా ఊరు. మక్కచేలల్లోకి అడవిపందులు దిగితే పంచాయతీ అనుమతితో వాటిని కొట్టేది మా ఆయనే. చుట్టుపక్కల రైతులకు ఆయనంటే ఎంత ధీమానో! ఫోన్ వస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. అలాంటి మనిషికి ఆ ఏడు వరసగా గురి తప్పడం మొదలైంది. పందులు తప్పించుకున్నాయి, మక్క పోయింది, రైతులు మాత్రం ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

తప్పు చోక్‌దేనని తేల్చేశాడు. సగం బిగువుండే చోకును హాఫ్ అంటారు. ఒక కంపెనీ హాఫ్, ఇంకో కంపెనీ హాఫ్ ఒకటి కావట. పేరు ఒకటే, బిగువు వేరట. కరీంనగర్‌లో తుపాకుల దుకాణం నడిపే సాయబును బతిమాలి, మా తుపాకికి పట్టే హాఫ్ చోకులు నాలుగు కంపెనీలవి తెచ్చాడు. పెద్దపల్లిలో లేత్ మిషన్ వాళ్లతో కొలిపించాడు. నిజమే, వెంట్రుకవాసి తేడాలున్నాయి. అది తెలిసి ఆయన ముఖం చూడాలి, తప్పిపోయిన బర్రె ఇంటికొచ్చినట్టు వెలిగిపోయింది. నాకేమో ఒళ్లు మండింది. నా గాజుల డబ్బాలో చోకులు, నా కొబ్బరినూనె చోకులకు. ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని గుర్తుందా అని అడిగితే, నూనె ఇంకొంచెం కావాలన్నాడు.

ఒక ఆదివారం పొద్దున మా పొలం చివర ఎత్తైన మట్టిగట్టుకు పాత తెల్ల దుప్పట్లు కట్టాడు. ఒక్కో చోకుకు ఒక్కో దుప్పటి. నడుమ గుర్తు పెట్టే పని నాది. గడపకు పూసే జాజు కలిపి, పళ్లెమంత గుండ్రంగా ఎర్రగా పూశాను. ఆయన దూరంగా నిలబడి, చోక్ మార్చి మార్చి దుప్పటికొక తూటా కాల్చాడు. నేను వెనక చెవులు మూసుకుని నిలబడ్డాను.

తుపాకి ఖాళీ చేసి పక్కన పెట్టాక ఇద్దరం దుప్పట్ల దగ్గరికి నడిచాం. ఆయన మొదటి దుప్పటికి ముక్కు తగిలేంత దగ్గరగా వంగాడు. గుడ్డను చేత్తో తడుముతున్నాడు. చేటలో బియ్యం ఉంటే గుమ్మం నుంచే రాయిని చూపించిన మనిషి!

"ఏ కంపెనీది మంచిగ పడ్డదే? నువ్వు చూసి చెప్పు," అన్నాడు.

చూశాను. ఒకదాంట్లో గుండ్లు కుదురుగా పడ్డాయి, ఒకదాంట్లో చెల్లాచెదురయ్యాయి. తేడా ఉంది, ఆయన చెప్పింది నిజమే. కానీ ఏ దుప్పటి మీదా జాజుకు ఒక్క గుండూ తగల్లేదు. నాలుగూ ఎడమకే పోయాయి. ఆయన గురి చూసేది కుడి కన్నుతోనే. అబద్ధం నోటిదాకా వచ్చింది. ఇదిగో, ఇదే బంగారం అంటే ఇంకో ఏడాది సంతోషంగా ఉంటాడు. అయితే రాత్రిపూట చేలల్లో మంచెల మీద కావలి పడుకునేవాళ్లు కళ్లముందు మెదిలారు.

"అన్ని ఎడమకే పోయినయి," అన్నాను. "చోక్‌ల లేదు తప్పు. మీకు కుడి కన్ను ఎన్నడి సంది కనవడ్తలేదు?"

ఆయన గట్టు మీద కూలబడ్డాడు. ఎండాకాలం నుంచే మసకగా ఉందని, బయటపడితే పోలీసులు తుపాకి తీసుకుపోతారని, అది లేకపోతే ఊళ్లో తననెవరు పిలుస్తారని మెల్లగా చెప్పాడు. నా కోపమంతా ఎటు పోయిందో! పక్కనే కూర్చుని, రేపే డాక్టరు దగ్గరికి పోదామన్నాను. తలూపాడు.

అంతలోనే ఫోన్ మోగింది. పక్క ఊరి రైతు. పందులు మళ్లీ దిగాయట, ఈ రాత్రికి రమ్మంటున్నాడు. మా ఆయన అలవాటుగా లేచి నిలబడ్డాడు. నా వైపు చూసి మళ్లీ కూర్చున్నాడు.

"నేను రాను తమ్మీ. నాకు కన్ను కనవడ్తలేదు," అన్నాడు. "ఇన్నొద్దులు నన్ను నమ్మి చేన్ల పండుకున్నరు. పందులను మీరే కాసుకోవాలె, ఇగ పండుకోకుండ్రి."