కంపు సీసా

రాయపూర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు తెలియని విషయం లేదు. ఇప్పుడు తలుచుకుంటే తెలిసినది ఒక్కటీ లేదు. ఎమ్మెస్సీలో ఫస్టొచ్చానన్న పొగరు మాత్రం రోజూ నేనుండే తిల్దాలో నాతోపాటే లోకల్ రైలెక్కి, రాయపూర్‌లో నాతోపాటే దిగేది.

మా ల్యాబులో అమైనో ఆమ్లాలను పూసల్లా ఒకదానికొకటి తగిలించి చిన్న ప్రొటీన్లు కట్టేవాళ్లం. అంటుకోకూడని చోట్ల ముందే మూతలు పెడతాం. గొలుసు పూర్తయ్యాక ఘాటైన ఆమ్లంలో వేసి వాటిని ఊడదీస్తాం. ఊడిన మూతలు ఊరికే కూర్చోవు, గొలుసుకే ఇంకోచోట అతుక్కుంటాయి. అందుకని వాటిని పట్టుకునే ద్రవం ఒకటి కలపాలి. దాని కంపు కుళ్లిన క్యాబేజీ కంపు. ఎంత రుద్దినా చేతుల్ని వదలదు.

లోకల్లో డైలీ ప్యాసింజర్ల పేకాట జట్టులో నాకు కిటికీ సీటు ఉండేది (రుమాలు వేసి ఆపేవాళ్లు, అంత గౌరవం). ఆ కంపుతో ఎక్కిన మొదటి సాయంత్రంతోనే రుమాలు పోయింది. నోటినిండా గుట్కా కుక్కుకున్న మిల్లు గుమాస్తా ముక్కు మూసుకుని, గేటు దగ్గర గాలి బాగుంటుంది భాయీ అని సలహా ఇచ్చాడు. వాడికి నేను కంపట.

అప్పుడే అక్క గొలుసు వంతు వచ్చింది. సొంత అక్క కాదు, ల్యాబులో సీనియరు, శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వేవాళ్ల అమ్మాయి. మూడు నెలలు కూర్చుని కట్టిన గొలుసు. అది తేలితేనే ఆమె థీసిస్ ఒడ్డెక్కేది. మూతలు తీసే పని నాకు అప్పగించి, జాగ్రత్త అని చెప్పి ఊరెళ్లింది.

మూతలు తీసేది ఆమ్లం కదా, ఈ కంపెందుకు, వట్టి చాదస్తం అని మహామేధావిని తేల్చేశాను. సీసా ముట్టలేదు. ఆ సాయంత్రం కిటికీ పక్కన కూర్చుని మూడాటలు గెలిచాను కూడా.

సోమవారం బరువు చూసే యంత్రంలో గొలుసు ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువు తేలింది. ఊడిన మూతలన్నీ ఎక్కడపడితే అక్కడ అతుక్కున్నాయి. ఊరి నుంచి వచ్చిన అక్క యంత్రం ఇచ్చిన కాగితం చూసింది. తర్వాత నా చేయి పట్టుకుని వాసన చూసింది.

"సబ్బు వాసనొస్తందేట్రా తమ్ముడూ," అంది.

అంతే. కుర్చీ లాక్కుని మళ్లీ మొదటి పూస దగ్గర మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

మరో మూడు నెలలు ఆమె పక్కనే పనిచేశాను. ఈసారి సీసా నేనే వంచాను. గేటు దగ్గర నిలబడే ఇంటికి పోయాను. (నా సీట్లోకి గుట్కావాడి బావమరిది వచ్చాడు. సుఖంగా ఉన్నాడు.)

ఇప్పుడు మూతలు తీసిన రోజున, ఇంటికెళ్లేముందు నా దగ్గర పనిచేసే పిల్లల చేతులు వాసన చూస్తాను. సారుకి పిచ్చనుకుంటారు. అనుకోనీ. కంపు కొడితేనే వెళ్లమంటాను.